చివరి చెయ్యి

మేస్త్రి చెయ్యి పడనిదే ఏ వస్తువూ గుమ్మం దాటకూడదన్నది ఆ వడ్రంగి కొట్టు పద్ధతి. చెక్క కోసినవాడు ఎవడైనా కావచ్చు, కాళ్లు బిగించినవాడు ఎవడైనా కావచ్చు. కొట్టు కట్టేసే వేళకి పెద్దమేస్త్రి వచ్చి, వస్తువుని తలకిందులు చేసి, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవాడు. గరుకు తగిలినచోట ఇసుక కాగితం, వంక తగిలినచోట ఉలి. ఆ తరవాత తలూపేవాడు. దాన్ని అక్కడందరూ చివరి చెయ్యి అనేవారు. లోపాన్ని ఒక రాత్రి అలాగే వదిలేస్తే అది చెక్కలో కాపురం పెట్టేస్తుందనీ, మర్నాడు గెంటినా పోదనీ వాళ్ల నమ్మకం.

ఆ పెద్దమేస్త్రి కొట్టు మానేశాడు గాని ఆ చెయ్యి మానలేదు. ఇంట్లో భార్య గిన్నెలు బోర్లించి అటు తిరిగితే చాలు, వెనకనుంచి వెళ్లి వాటిని వరసలోకి జరిపేవాడు.

"మీ చెయ్యి పడకపోతే పొద్దు కూడా వంకరగానే పొడుస్తుంది కాబోలు," అనేది ఆవిడ.

"పొడుస్తోంది. నిన్నటికీ ఇవాళ్టికీ కిటికీలో కాస్త జరిగింది, చూడు కావాలంటే," అనేవాడు ఆయన. నవ్వేవాడు కాదు. నవ్వు కూడా ఆయనకి పొదుపే.

అలాంటి మనిషిని బడి పెద్ద టీచరు వెతుక్కుంటూ వచ్చి అడిగింది. "కొన్న బొమ్మ రెండోనాటికే మూలపడుతోంది మేస్త్రిగారూ. ఎలాంటి బొమ్మ కావాలో పిల్లలే ఆలోచించుకుని, వాళ్లే చేసుకుంటే ఎలా ఉంటుందో చూద్దామనుంది. మీరు పనిముట్లు పట్టుకోడం నేర్పండి చాలు," అంది.

ఆ 'చాలు' అన్న మాట మేస్త్రి చెవికెక్కలేదు.

విరిగిన బల్లలు పడేసే గది వాళ్లకిచ్చారు. మేస్త్రి ఆ బల్లల్లోంచే చెక్క తీశాడు. పిల్లల చేతికి సరిపోయేలా చిన్న రంపాలకి పిడులు మార్చాడు. మొదట్లో సుత్తి దెబ్బలు మేకు మీద కన్నా వేళ్ల మీదే ఎక్కువ పడ్డాయి. ఏడ్చినవాడి వేలు నోట్లో పెట్టించి, రెండో చేత్తో సుత్తి మళ్లీ పట్టించేవాడు. వారం తిరిగేసరికి గదిలో ఏడుపులు తగ్గి, రంపపు పొట్టు పెరిగింది. అడుగు పెడితే చెప్పులు కూరుకుపోయేంత పొట్టు.

పై వారం చివర్లో పెద్దవాళ్లు వచ్చి బొమ్మలు చూస్తారని పెద్ద టీచరు చెప్పింది. దాంతో పిల్లలకి చేతులు ఆడలేదు, నోళ్లు మాత్రం బాగా ఆడాయి. అందరిలోకీ పెద్ద నోరున్నవాడిని తోటిపిల్లలు బాకా అని పిలిచేవారు. వాడు కప్ప చేస్తున్నాడు. అందరికన్నా నెమ్మదిగా చేసే పిల్లని నత్త అనేవారు. ఆ పిల్ల బండి చేస్తోంది.

బండంటే పెద్ద బండేం కాదు. అరచేతికి కాస్త మించిన పలక, దానికి నాలుగు చక్రాలు, వెనకవైపు గుండ్రటి బుడిపె ఒకటి.

"ఇదేంటే, నీ బండికి గూనా?" అన్నాడు మేస్త్రి.

"పట్టుకోడానికి తాతా."

"ఎవరు, ఏనుగా?"

పిల్లలందరూ నవ్వారు. నత్త మాత్రం పలకని ఒళ్లో పెట్టుకుని, కన్నాలు తొలిచే బరమా తిప్పుతూ, మధ్యమధ్యలో కన్నంలోని పొట్టు ఉఫ్ మని ఊదుకుంటోంది.

"తాతా, ఇది మళ్లీ కన్నం పెడుతోంది! ఇంక అది బండి కాదు, జల్లెడ!" బాకా అరిచాడు.

మేస్త్రి పలక తిప్పి చూశాడు. నిజమే. ముందు ఇరుసు దూర్చడానికి ఒకటి కాదు, పక్కపక్కనే ఎన్నో కన్నాలు. ఏ ఒక్కటీ వెనక ఇరుసుకి తిన్నగా లేదు.

"చెదలు పట్టిందా నీ చెక్కకి? మూలమట్టం పెట్టి గీసుకోమన్నానా?"

"గీసుకున్నాను తాతా."

"మరి?"

"ఇంకా కుదర్లేదు."

'పాపం, తిన్నగా పెట్టడం చేతకావడంలేదు' అనుకున్నాడు మేస్త్రి. మూలమట్టం ఆ పిల్ల ముందు పెట్టి, కప్ప దగ్గరికి వెళ్లాడు.

సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక గదిలో ఒక్కడూ మిగిలాడు. కిటికీలోంచి ఎండ బల్లమీద పడుతోంది. వరసగా బొమ్మలు. బాకా కప్పకి నోరు చెవులదాకా ఉంది. ఉలితో పైపెదవి తగ్గించి, కింద సన్నటి చెక్క అతికించి ఆ నోటిని కాస్త మూశాడు. ఇంకోడి ఎలుగుబంటికి ఒక కాలు పొట్టి, దాన్ని సరిచేశాడు. చివరికి నత్త బండి అందుకున్నాడు. అదే చెక్కలోంచి సన్నటి చీలికలు తీసి, జిగురు రాసి, ఆ కన్నాలన్నిటిలోనూ దిగగొట్టాడు. పైకి వచ్చిన కొసలని ఉలితో కోసి చదును చేశాడు. పొరలో పొర కలిసిపోయింది. అక్కడ కన్నమంటూ ఉండేదంటే ఆ పలకని పుట్టించిన చెట్టు కూడా నమ్మదు. వెనక ఇరుసుకి మట్టంగా కొత్త కన్నం వేశాడు. బండిని బల్ల మీద పెట్టి ఒక్క తోపు తోశాడు.

అది దారం లాగినట్టు పోయి అవతలి గోడకి టక్కున తగిలింది.

మేస్త్రి తలూపాడు.

ఇంటికి వెళ్తే భార్య ఎగాదిగా చూసింది. "ఏం చేసొచ్చారు? మొహం ఇసుక కాగితం పట్టినట్టు మెరుస్తోంది."

"ఒక పిల్ల బండి. పాపం, వంకర పోతుంటే..."

"మీరు ఆగగలరా!" అందావిడ.

మర్నాడు పెద్ద టీచరు గదిలోకి వచ్చేసరికి బండి పందేలు జరుగుతున్నాయి. నత్త ఇంకా రాలేదు. బాకా ఆ పిల్ల బండి తోశాడు. అది పొట్టు ఊడ్చిన నేలమీద, బల్లల మధ్యనుంచి, ఎవరి కాలికీ తగలకుండా, గది ఆ చివరనుంచి ఈ చివరకి వచ్చింది.

"ఎవరిది?" అంది టీచరు.

"నత్తది!"

"నత్త ఇంత పరుగు నేర్చిందా!" అని టీచరు చప్పట్లు కొట్టింది. పిల్లలూ కొట్టారు. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది. అందరూ తనవైపు తిరిగి చప్పట్లు కొడుతుంటే ఎందుకో తెలియక వెనక్కి చూసుకుంది, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

బండి తెచ్చి చేతిలో పెట్టారు. ఆ పిల్ల నేలమీద పెట్టి నెమ్మదిగా తోసింది. తిన్నగా పోయింది. తెచ్చుకుని మళ్లీ తోసింది. తిన్నగానే పోయింది. అప్పుడు తలకిందులు చేసి, కన్నాలుండే చోట బొటనవేలితో రాసింది.

"తాతా, ఇక్కడుండాలి నా కన్నాలు."

"పూడ్చేశాను. ఇంక చూడు, గుర్రంలా పోతుంది."

టీచరు ఆ పిల్ల తల నిమిరి, "పెద్దవాళ్లు వచ్చిన రోజు నీ బండినే మొదట చూపిద్దాం," అంది. ఆ పిల్ల బొటనవేలు ఇంకా పూడ్చినచోటే రాస్తోంది. చేసినదాన్ని మెచ్చుకుంటే తలెత్తే పిల్లలని మేస్త్రి చూశాడు, సిగ్గుపడి తలదించే పిల్లలని చూశాడు. ఇలా, దొంగతనం అంటగడితే నిలబడ్డట్టు నిలబడ్డ పిల్లని చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల బండి పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

పని మధ్యలో వదిలేసే రకం కాదది. మేస్త్రికి మనసొప్పలేదు. బడి వదలగానే ఇల్లు కనుక్కుని బయల్దేరాడు.

కిందంతా ఏవో కొట్లు, పైన అద్దె గదులు. ఇరుకు మెట్లు, నిటారుగా ఉన్నాయి. మెట్ల మీదంతా రంగురంగుల గుడ్డపేలికలు. పైనుంచి కుట్టుమిషను చప్పుడు వినబడుతోంది. కాసేపు పరిగెత్తుతుంది, ఆగుతుంది. మళ్లీ పరిగెత్తుతుంది, ఆగుతుంది. వింటుంటేనే మేస్త్రికి చిరాకేసింది. పనన్నాక అలా ఆగకూడదు.

సగం మెట్లు ఎక్కాడో లేదో, పైనుంచి టకటకమని ఏదో దొర్లుకుంటూ వచ్చి కాలికి తగిలింది. వంగి అందుకున్నాడు. బండి. తను తిన్నగా చేసిన బండి.

తల పైకెత్తి చూశాడు. మెట్ల చివర, గుమ్మంలో, చంటివాడొకడు నాలుగుకాళ్ల మీద నిలబడి, బండి పోయినవైపే చూస్తూ ఒక చెయ్యి గాల్లోకి చాపాడు. వాడి పొట్టకి అడ్డంగా ఒక కాలు ఉంది. లోపల మిషను ముందు కూచున్న ఆడమనిషి కాలు. ఆవిడ ఒక కాలు మిషను మీద ఉంచి, రెండో కాలు గుమ్మానికి అడ్డం చాపింది. చూపు మాత్రం కుట్టు మీదే ఉంది.

"ఎవరూ?"

"నేనమ్మా. బళ్లో బొమ్మలు నేర్పే మేస్త్రిని."

"అయ్యో, మీరా! రండి బాబాయ్, నా కాలు దాటుకుని వచ్చెయ్యండి. తీశానంటే వీడు మీకు ఎదురొస్తాడు."

మేస్త్రి ఆ కాలు దాటి లోపలికి వెళ్లాడు. ఒకటే గది. కుట్టాల్సిన బట్టలు ఒకవైపు, కుట్టినవి ఒకవైపు. మూలన నత్త కూచుని, పలకముక్క ఒకటి కాళ్లమధ్య ఇరికించుకుని, కత్తెర మొనతో కన్నం తొలుస్తోంది. బొటనవేలు కందిపోయింది.

"చూడండి బాబాయ్, పొద్దుట్నుంచీ ఇదే వరస. నా కత్తెర మొన కాస్తా రంపం చేసి పెట్టింది," అంది తల్లి.

మేస్త్రి ఆ పిల్ల ఎదురుగా గొంతుకూచున్నాడు.

"బండి తిన్నగా పోతోందిగా?"

"అదే కదా తాతా!"

"అదేంటి?"

నత్త బండి తీసుకుని నేలమీద పెట్టింది. "వీడు దీన్ని తోస్తాడు. ఇది తిన్నగా గుమ్మంలోకి పోతుంది. వెనకే వీడు పోతాడు. అప్పుడు అమ్మ కాలు చాపాలి. అమ్మ కాలు చాపితే మిషను ఆగుతుంది." ఒక్కొక్క మాటా మేకు కొట్టినట్టు చెప్పింది. "అందుకని నాది వంకరగా చేశాను. తోస్తే అలా తిరిగి మళ్లీ వీడి దగ్గరికే వచ్చేది. మరీ వంకరైతే మొరాయించి ఆగిపోతోంది. చాలకపోతే గుమ్మందాకా పోతోంది. ఇంటికి తెచ్చి చూసుకోడం, మళ్లీ బళ్లో కన్నం పెట్టుకోడం. మొన్న దాదాపు కుదిరింది. ఇంకొక్క కన్నం పెట్టాల్సింది."

మేస్త్రి చేతిలోని బండిని తిప్పి చూశాడు. తను పూడ్చిన కన్నాలు వేలికి కూడా తగలడంలేదు. అంత బాగా పూడ్చాడు. పిల్ల తప్పులనుకున్నాడు. తప్పులు కావు, మెట్లు. ఒక్కొక్కటే ఎక్కుతూ పైమెట్టు దాకా వెళ్లినదాన్ని తను సాయంత్రం పూట తీరిగ్గా కూచుని కిందకి దించేశాడు. పైగా తలూపాడు.

"గుమ్మానికి అడ్డచెక్క కొట్టేస్తాను. గంటలో పని," అన్నాడు. ఆయన దగ్గర అన్ని కష్టాలకీ ఒక చెక్క ఉంటుంది.

తల్లి నవ్వింది. "పెట్టి చూశాం బాబాయ్. వచ్చేపోయేవాళ్లు తట్టుకుని పడుతున్నారు. వీడేమో దాన్ని పట్టుకుని నిలబడి, అవతల లోకమంతా తనదే అయినట్టు ఏడుపు."

"అడ్డం పెడితే వాడికి గుమ్మమే గుర్తొస్తుంది తాతా. బండి వెనక్కొస్తుంటే గుర్తే రాదు," అంది నత్త.

మేస్త్రి గుమ్మంవైపు చూశాడు. ఇన్నేళ్లలో ఎన్నో తలుపులు చేశాడు. గుమ్మం మర్చిపోయేలా చెయ్యొచ్చునని ఆయనకెప్పుడూ తట్టలేదు.

"సరే, ఇటివ్వు. నిమిషంలో మళ్లీ వంకర చేసిస్తాను."

నత్త పలకని గుండెకి అదుముకుంది. "వద్దు తాతా."

"ఎందుకొద్దు?"

"నువ్వు బాగా చేస్తావు. అందుకే వద్దు."

"ఏయ్! పెద్దవాళ్లతో మాట్లాడే తీరు అదేనా?" తల్లి కసిరింది. మిషను ఆగింది.

"ఉండనీ అమ్మా," అన్నాడు మేస్త్రి. కొట్లో ఏ కుర్రవాడూ ఆయనతో ఆ మాట అనలేదు. అనుంటే చెవి మెలిపడిపోయేది. ఇప్పుడు మాత్రం తన చెవే వేడెక్కింది. "మరి నన్నేం చెయ్యమంటావు?"

ఆ పిల్ల ఆలోచించింది. "పట్టుకో."

పిల్లలు బొమ్మలు చూపించాల్సిన రోజుకి ముందు రోజంతా మేస్త్రి నత్త వాళ్ల గదిలోనే ఉన్నాడు. బరమా, ఉలి, చిన్న రంపం, కొత్త పలక సంచీలో వేసుకుని పొద్దున్నే వచ్చేశాడు. నేలమీద బాసింపట్టు వేసుకుని, రెండు చేతులతో పలక పట్టుకుని కూచున్నాడు. నత్త గీత గీసింది. ఆ గీత ఎటు పోతోందో చూసి ఆయన పళ్లు గిట్టకరిచాడు. వేళ్లు వాటంతట అవే మట్టంవైపు జరగబోయాయి.

"కదపకు తాతా."

"కదపలేదు."

"కదిపావు. గీత జరిగింది."

మిషను మీదనుంచి తల్లి ముసిముసిగా నవ్వింది. "మా ఇంట్లో అందరం దాని చేతికింద పనివాళ్లమే బాబాయ్."

మొదటి కన్నం తొలుస్తుంటే పలక చిట్లింది. నత్త మొహం కూడా చిట్లినట్టయింది. మేస్త్రి నోరు తెరవబోయి, మూసుకున్నాడు. ఆ పిల్ల చిట్లినచోట చాలాసేపు చూసింది. పలక అటూ ఇటూ తిప్పింది. చివరికి, "తాతా, చిట్లకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అంది.

అడిగింది. అడిగాక ఆగడం ఎందుకు? ముందు సన్నటి కన్నం పెట్టి ఆ తరవాత వెడల్పు చెయ్యాలన్నాడు. అంచుకి మరీ దగ్గరగా పోకూడదన్నాడు. కింద ఇంకో చెక్కముక్క పెట్టుకుంటే అవతలివైపు చీలదన్నాడు. బరమాని కోపంతో కాదు, బరువుతో నొక్కాలన్నాడు. ఒక్కపూటలో అన్ని మాటలు ఆయన ఇంట్లో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. నత్త అన్నీ విని, మళ్లీ తన గీత తనే గీసుకుంది.

కన్నం, ఇరుసు, చక్రాలు, ఒక తోపు. గుమ్మందాకా పోయింది. మేస్త్రి వెళ్లి తెచ్చాడు. మళ్లీ కన్నం. ఈసారి గిర్రున తిరిగి కూలబడింది. మేస్త్రి తెచ్చాడు. ఇలా ఎన్నిసార్లు తెచ్చాడో, చంటివాడికి అదే పెద్ద ఆటైపోయింది. ముసలాయన మోకాళ్ల మీద బండి వెనక పాకుతుంటే వాడు కిలకిలమంటూ ఆయన వెనక పాకాడు. మధ్యాహ్నం దాటాక ఒక తోపుకి బండి గుమ్మందాకా వెళ్లినట్టే వెళ్లి, ఏదో మర్చిపోయినట్టు మలుపు తిరిగి, మిషను పక్కనుంచి వచ్చి, చంటివాడి మోకాలికి మెత్తగా తగిలి ఆగింది.

వాడు బండిని చూశాడు. బుడిపె మీద అరచెయ్యి వేశాడు. ఏనుగు చెయ్యి కాదు, ఈ చెయ్యే. బుడిపె దానికి అచ్చంగా సరిపోయింది. తోశాడు. బండి వెళ్లింది, వచ్చింది. మళ్లీ తోశాడు.

అప్పుడు గదిలో ఒక చప్పుడు మొదలైంది. మిషను చప్పుడు. అంచు పొడుగునా ఆగకుండా పరిగెత్తి, ఆ గుడ్డ అయిపోయి, ఇంకో గుడ్డ అందుకుంది. తల్లి రెండు కాళ్లూ మిషను మీదే ఉన్నాయి. నత్త ఆ చప్పుడు వింటూ, పలక అడుగున ఉన్న పొట్టు ఉఫ్ మని ఊదింది. మేస్త్రి సంచీ సర్దుకున్నాడు. బండి అంచు ఒకచోట గరుగ్గా కనిపించింది. ఇసుక కాగితం ఆయన జేబులోనే ఉంది. తీశాడు. తీసి నత్త చేతికిచ్చాడు.

"అక్కడ చూసుకో. నీకు కావాలనిపిస్తే."

మర్నాడు బళ్లో, పెద్దవాళ్లు రాకముందే, మేస్త్రి పిల్లలందరినీ నిలబెట్టి అడిగాడు, "మీ బొమ్మల్లో నేనేం చెడగొట్టానర్రా?"

పిల్లలు మొహాలు చూసుకున్నారు. బాకా గొంతు అందరికన్నా ముందే లేచింది. "నా కప్ప నోరు మూసేశావు తాతా! అది గోలీలు మింగే కప్ప! ఇప్పుడేం మింగుతుంది, నా మొహం?"

"మరి అప్పుడే చెప్పకపోయావా?"

"నువ్వు అడిగితేగా!"

వాడికి ఉలి ఇచ్చి పక్కన కూచున్నాడు. కప్ప నోరు మళ్లీ చెవులదాకా తెరుచుకుంది. ఎలుగుబంటి పిల్లాడు మాత్రం తనకి నాలుగు కాళ్లూ సమానంగానే కావాలనీ, తాత చేసింది బాగానే ఉందనీ అన్నాడు. అది విని మేస్త్రికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

పెద్దవాళ్లు వచ్చారు. హాలు నిండింది. నత్త తల్లి చంటివాడిని ఎత్తుకుని గోడవారన నిలబడింది. మేస్త్రి భార్య ముందు వరసలో కూచుంది. పెద్ద టీచరు నేలమీద సుద్దతో ఈ చివరనుంచి ఆ చివరకి పొడుగాటి గీత గీయించి పెట్టింది. "మొదట మా బండి చూడండి. ఈ గీత తప్పదు," అంది గర్వంగా.

నత్త బండి తెచ్చి గీత మీద పెట్టి తోసింది.

బండి రెండు బారలు గీత మీద నడిచి, ఇంక చాల్లే అన్నట్టు పక్కకి తిరిగింది. హాలు నేల మరీ నున్నగా ఉండటంతో పెద్ద చుట్టు చుట్టి, ముందువరసలో ఎవరిదో కుర్చీ కిందనుంచి దూరి వచ్చింది. పకపకా నవ్వారు. "తాగిన బండి," అన్నారెవరో.

టీచరు మొహం ఎర్రబడింది. "అయ్యో, మొన్న బాగానే పోయిందే! మేస్త్రిగారూ, కాస్త మీ చెయ్యి వెయ్యండి."

హాలంతా ఆయనవైపు తిరిగింది. మేస్త్రి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. భార్య కళ్లు పెద్దవయ్యాయి. వంకర కనిపించాక ఆయన చేతులు అలా కుదురుగా ఉండటం ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

"దాన్నే అడగండమ్మా. బండి దానిది," అన్నాడు.

నత్త వెళ్లి, తల్లి చంకలోంచి తమ్ముణ్ణి అందుకుని, హాలు మధ్యలో నేలమీద కూచోబెట్టింది. హాలు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బయట మెట్లు, మెట్ల కింద వీధి. వాడి మొహం అటువైపే ఉంది. నత్త బండి వాడి ముందు పెట్టింది.

వాడు తోశాడు. బండి తలుపులవైపు వెళ్లింది. తల్లి కాలు అలవాటుకొద్దీ ముందుకు కదిలి, ఆగిపోయింది. బండి చుట్టు తిరిగి వచ్చి వాడి పాదానికి తగిలింది. వాడు గట్టిగా నవ్వి మళ్లీ తోశాడు. మళ్లీ వచ్చింది. వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. వాడు తలెత్తి కూడా చూడలేదు.

అప్పుడు చెప్పింది నత్త. గొంతు పెద్దది కాదు గాని, హాల్లో ఇంకే చప్పుడూ లేదు. "వీడు మెట్ల వైపు పోకూడదని ఇలా చేశాను. వంకర నేనే పెట్టాను."

తాగిన బండి అన్నాయన లేచి నిలబడి బండి వంక మెడ సాచాడు. ఎవరో తల్లి తన చంకలోని బిడ్డని దించి, బండి దగ్గరికి వదిలింది. ఇంకెవరో, "మాకూ ఒకటి చేసిపెడతావా అమ్మాయ్?" అన్నారు.

"మీ గది ఎంతుందో చూడాలి," అంది నత్త.

పెద్ద టీచరు సుద్దగీత వంకా బండి వంకా మార్చిమార్చి చూసి, చెప్పు అంచుతో గీతని కాస్త చెరిపేసింది. మేస్త్రి పక్కకి వచ్చి మెల్లగా, "మీకు ముందే తెలుసన్నమాట! ఎంత బాగా చేయించారు!" అంది.

మేస్త్రి వెళ్లి బండి అందుకున్నాడు. కొట్లో వస్తువు ఎవరికైనా అప్పజెప్పేటప్పుడు, దాన్ని రెండు చేతులమీదా పెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, 'దీనిమీద నా చెయ్యి పడింది' అనేవాడు. ఆ మాటకి ఆ వీధంతా విలువ ఉండేది. ఇప్పుడూ బండిని అలాగే రెండు చేతులమీదా పెట్టాడు. గడ్డం అలాగే పైకెత్తాడు.

"తడిమి చూడండమ్మా," అన్నాడు. "దీనిమీద ఎక్కడా నా చెయ్యి పడలేదు."